పేరు దొరక్కపోతే పక్కింట్లో వెతకండి

పిల్లలూ,

సెలవుల్లో మన పూర్వీకుల సంగతి వెతుకుతామని రాశారు, సంతోషం. నేను వారానికో మధ్యాహ్నం కూర్చునే చరిత్ర సంఘాన్ని చూస్తే మాత్రం మొదట ఉసూరుమంటారు. రెండు గదులు, ఇనప బీరువాలు, అట్టపెట్టెలు, మొరాయించే మైక్రోఫిల్మ్ మెషీన్ ఒకటి. పేరు కొట్టగానే వంశవృక్షం బయటికొచ్చే కంప్యూటర్ లేదు.

జనాభా లెక్కలు, జనన మరణాల రిజిస్టర్లు పెద్ద ఆర్కైవ్స్‌లో ఉంటాయి. మా దగ్గరకొచ్చేవి ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో పారేయలేక ఇచ్చినవి: మూతపడిన బడి హాజరు పట్టీ, దుకాణం అప్పుల ఖాతా, పేపర్లోంచి కత్తిరించిన మరణవార్తలు, వెనకాల ఏమీ రాయని గ్రూప్ ఫోటోలు. పెట్టె మీద ఉండేది ఇచ్చినవాళ్ల పేరు. లోపలున్న మనుషుల పేర్లు ఎక్కడా ఎక్కించి ఉండకపోవచ్చు. మీ ముత్తవ్వ ఫోటో పక్కింటివాళ్ల పెట్టెలో ఉండొచ్చన్నమాట.

అందుకే "మా ఇంటిపేరు మీద ఏమైనా ఉందా?" అని అడక్కండి. "ఫలానా ఏళ్లలో ఆ వీధిలో ఎవరెవరు ఉండేవాళ్లు?" అని అడగండి. పేరును మరీ నమ్మకూడదు. లెక్కలు రాసే మనిషి చెవికి ఎలా వినపడితే అలా రాసుకుపోయేవాడు. ఒకే పేరును నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టే, శబ్దాన్ని బట్టి పేర్లను కోడ్‌గా మార్చే సౌండెక్స్ పద్ధతికి 1918లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. స్మిత్‌ని ఎలా రాసినా కోడ్ ఎస్530. ఒక్కోసారి అసలు రికార్డే ఉండదు. ఆ దేశపు 1890 జనాభా లెక్కలు 1921లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు మొత్తం పోయాయి. అలాంటి చోట ఖాతా పుస్తకాలే గతి.

నేనూ బోల్తా పడ్డాను. ఎవరో తయారుచేసిన వంశవృక్షంలోంచి ఒక పేరు ఎత్తి రాసుకున్నాను, అది వాళ్లకెక్కడ దొరికిందో చూడకుండా. ఎనిమిది నెలలు అతని వెంటే తిరిగాను. తీరా చూస్తే సమాధుల జాబితాలో ఆ పిల్లాడు తొమ్మిదో ఏట పోయాడని ఉంది! మనవాడు అదే పేరున్న ఇంకొకడు. చివరికి పక్కింటాయన పొలం అమ్మిన కాగితం మీద సాక్షి సంతకంలో దొరికాడు. వంకర టింకర సంతకం, అచ్చం మీ నాన్నదే.

వచ్చేముందు ఫోన్ చేయండి, తెరిచి ఉండేది వారానికి కొన్ని గంటలే. పెన్ను తేవద్దు, పెన్సిలే. సినిమాల్లో చూపించే తెల్ల గ్లోవ్స్ కాగితాలకు అక్కర్లేదు, వాటితో పట్టు దొరక్క పేజీలు చిరుగుతాయి; చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంటే చాలు. ఫోటోలకు మాత్రం గ్లోవ్స్ నేనిస్తాను. పెట్టెలో కాగితాల వరస మార్చకండి. ఫోటో తీసిన ప్రతి కాగితానికీ పెట్టె నంబరు రాసుకోండి, లేకపోతే మళ్లీ దొరకదు.

ఆ పొలం కాగితం ఉన్న పెట్టె పక్కన పెట్టి ఉంచాను. అందులో రెండో సాక్షి ఎవరో నాకింకా తేలలేదు. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

మీ తాతయ్య