కాలిపోయిన సంతసాల, 2,90,000 కొయ్య మేకులు

పారిస్ నోత్రదామ్ కేథడ్రల్‌లో ఆరు చాపెళ్ల (చిన్న ప్రార్థన గదుల) కిటికీ అద్దాలు మార్చాలన్న నిర్ణయంపై గొడవ మళ్లీ రాజుకుంది. కాలిపోయినదాన్ని ఉన్నది ఉన్నట్టు కడితే అది వారసత్వమా, నకలా అన్న పాత ప్రశ్న కూడా దాని వెంటే లేచింది. 2019లో ఆ కేథడ్రల్ పైకప్పు కాలిపోయిన కథ అందరికీ తెలిసిందే. ఈ ప్రశ్నకు ఉత్తర ఫ్రాన్స్‌లో నార్మండీలోని ఒక సంత ఊరు 75 ఏళ్ల క్రితమే చేత్తో జవాబు చెప్పింది. ఆ ఊరు కాల్వడోస్ ప్రాంతంలోని సాన్ పియేర్ సుర్ దీవ్. 2017 నుంచి అది సాన్ పియేర్ ఆన్ ఓజ్ అనే ఉమ్మడి కమ్యూన్‌లో (ఫ్రాన్స్‌లో స్థానిక పాలన విభాగం) భాగం.

ఊరు పుట్టింది మఠం చుట్టూ. సంత జరిగే కప్పు భవనం, అంటే సంతసాల, మూలం 11, 12 శతాబ్దాలది. రాతిగోడల మధ్య దూలాల అడవి, పైన పెంకుల కప్పు. ఫ్రెంచి వాళ్లు దీన్ని 'ఆల్' అంటారు. ఫ్రెంచి విప్లవకాలంలో 1790 మార్చి చట్టం సంతలపై దొరల హక్కులు తీసేసింది కానీ భవనాలను వాటి యజమానులకే వదిలింది. అద్దెకిస్తారో అమ్ముతారో మునిసిపాలిటీతో తేల్చుకోమంది. ఎన్నో ఊళ్లలో సంతసాల ఊరి సొత్తయిన దారి ఇదే.

అసలు మలుపు 1944. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ వేసవి పోరాటాల్లో ఈ సంతసాల కాలిపోయింది. అప్పటికి కాంక్రీటుకు ఎదురు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాలిన రాన్స్ కేథడ్రల్ పైకప్పును వాస్తుశిల్పి ఆన్రీ దెనో కాంక్రీటుతోనే తిరిగి నిలబెట్టాడు. అదే నార్మండీలో, బాంబులకు నేలమట్టమైన ల హావ్ర్ నగరాన్ని వాస్తుశిల్పి ఓగూస్ట్ పెరె కాంక్రీటులో కట్టాడు, 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది కూడా. అన్నీ కొరతగా ఉన్న ఆ రోజుల్లో సంతసాలకూ కాంక్రీటు పోసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఇక్కడ మాత్రం పాత పద్ధతిలోనే కలపతో కట్టారు. ఇనుప మేకు లేదు, బోల్టు లేదు. చెస్ట్‌నట్ చెట్టు నుంచి తీసిన కొయ్య మేకులు 2,90,000.

ఆ అంకె వెనక ఉన్న పనిని దగ్గరగా చూడాలి. ఒక దుంగ కొనను నాలుకలా చెక్కి రెండో దుంగలోని కంతలోకి దూరుస్తారు. కంత గోడల గుండా బర్మాతో రంధ్రం వేస్తారు. నాలుకకు వేసే రంధ్రాన్ని మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు దాని మొదలు వైపు జరుపుతారు. మేకు దిగేకొద్దీ రెండు రంధ్రాలూ ఒక వరసకు రావాలని లాగుతాయి, అతుకు బిగుసుకుంటుంది. ఎక్కువ జరిపితే మేకు విరుగుతుంది, లేదా నాలుక కొన చీలుతుంది. మేకును రంపంతో కోయరు, నార వెంబడి చీలుస్తారు. కోసిన మేకులో నార తెగి ఉంటుంది కాబట్టి దెబ్బకు అడ్డంగా పుటుక్కున పోతుంది. ఎండిన మేకును పచ్చి ఓక్‌లో దించాలి. ఓక్ ఎండి ముడుచుకుంటూ దాన్ని పట్టేస్తుంది. పచ్చి మేకు వేస్తే అదే ఎండి వదులవుతుంది. ఇనుము పెడితే ఓక్‌లోని టానిన్ (కలపలోని వగరు రసాయనం) దాన్ని తినేస్తుంది, చుట్టూ కలప నల్లబడుతుంది. చెస్ట్‌నట్‌ను ఎంచుకోవడానికి కారణం సూటిగా చీలడం, చేవకు తేమనూ పురుగునూ తట్టుకునే గుణం ఉండడం.

ఇలాంటి సాలలను నిప్పు కన్నా ఎక్కువగా చంపేది నీరు. స్తంభం అడుగున రాతిదిమ్మ ఉండాలి. నేల చదును చేస్తున్నామంటూ దాని చుట్టూ సిమెంటు ఎత్తుగా పోస్తే కొయ్య పాదం తేమ పీల్చి లోపల్నుంచి కుళ్లుతుంది. రాతిగోడ సందుల్లో సున్నం బదులు సిమెంటు నింపినా అంతే, తడి బయటికి పోలేక దూలం కొన దగ్గర చేరుతుంది.

పునర్నిర్మాణాన్ని తప్పుపట్టేవారు కట్టడాల పరిరక్షణపై అంతర్జాతీయ పత్రమైన 1964 వెనిస్ చార్టర్‌ను చూపిస్తారు. కొత్తగా చేర్చే పని తన కాలపు ముద్రతో కనబడాలని అది అంటుంది. అయితే అసలుతనంపై వచ్చిన మరో అంతర్జాతీయ పత్రం, 1994 నారా పత్రం, వాడుకనూ, సంప్రదాయ పనితనాన్నీ కూడా అసలుతనంలో లెక్కించింది. 2009లో యునెస్కో ఫ్రెంచి వడ్రంగుల గీతవిద్యను (దూలాల అతుకులను గీతలతో లెక్కగట్టి గుర్తు పెట్టే పద్ధతిని) మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నోత్రదామ్ పైకప్పును గొడ్డలితో చెక్కిన పచ్చి ఓక్ దూలాలతో నిలబెట్టగలిగారంటే ఆ విద్య చేతుల్లో బతికుండబట్టే. ఆ దూలాలు చెక్కిన కార్యశాలల్లో ఒకటి నార్మండీదే.

ఇప్పటి గొడవలో ఒక తేడాను పక్కన పెట్టేస్తున్నారు. సాన్ పియేర్‌లో కట్టింది కాలి బూడిదైనదాన్ని. నోత్రదామ్‌లో తీసేయాలంటున్నవి 19వ శతాబ్దంలో ఆ కేథడ్రల్‌ను పునరుద్ధరించిన వాస్తుశిల్పి వ్యొలే ల డ్యూక్ కాలపు అద్దాలు, మంటలకు చెక్కుచెదరకుండా నిలిచినవి. 2024 జులైలో జాతీయ వారసత్వ కమిషన్ ఈ మార్పు వద్దని ఏకగ్రీవంగా చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో కొత్త అద్దాలకు చిత్రకారిణి క్లేర్ తబూరేను ఎంపిక చేశారు. నార్మండీ సాలలో ఇప్పటికీ సోమవారం సంత జరుగుతోంది.