కరెంటు పోయిన క్షణంలో పారిటీ

ఒక డిస్కు పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి రెయిడ్. సర్వర్‌కి ఆ పని చేసే రెయిడ్ కార్డు కొనాలా, లినక్స్‌లో ఉన్న ఎమ్‌డీ అనే సాఫ్ట్‌వేర్ సరిపోతుందా అని ఒక పాఠకుడు అడిగారు. కార్డుంటే పారిటీ (పోయిన డిస్కులోది తిరిగి రాబట్టడానికి దాచుకునే అదనపు బిట్లు) లెక్కల భారం ప్రాసెసర్ మీద పడదు కదా అని ఆయన వాదన. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ పేపరు రాసిన రోజుల్లో అయితే సబబే. ఇప్పటి ప్రాసెసర్ ఒక్క కోరుతోనే సెకనుకి గిగాబైట్ల కొద్దీ ఆ లెక్క, అంటే ఎక్సార్, చేసి పారేస్తుంది.

ఎక్సార్ అంటే మెట్ల లైటు. కిందో స్విచ్చు, పైనో స్విచ్చు; ఏది నొక్కినా లైటు మారుతుంది. లైటు వెలుగుతోందో లేదో, ఒక స్విచ్చు ఎటుందో తెలిస్తే చాలు, రెండోది ఎటుందో చూడకుండానే చెప్పొచ్చు. పిల్లలతో ట్రూత్ టేబుల్ బట్టీ పట్టించేవాళ్లు ఈ లైటొకటి చూపిస్తే ఎంత బావుండు!

మూడు డిస్కులు తీసుకోండి. మొదటిదాంట్లో 1011, రెండోదాంట్లో 0110, మూడోదాంట్లో వాటి పారిటీ 1101: ఒకే స్థానంలోని బిట్లు రెండూ ఒకటే అయితే 0, వేరైతే 1. రెండోది పోతే మిగతా రెంటినీ ఎక్సార్ చేస్తే 0110 తిరిగొస్తుంది. బాగుంది.

ఇప్పుడు మొదటి డిస్కులో 1011ని 0011గా మార్చాలి. పారిటీ కూడా 0101 కావాలి. రాతలు రెండు, డిస్కులు రెండు. మొదటిది రాశాక, పారిటీ రాసేలోపు కరెంటు పోయింది. సర్వర్ మళ్లీ లేచి పారిటీ సరిచేసుకునేలోపే రెండో డిస్కు చచ్చింది. 0011, పాత పారిటీ 1101 ఎక్సార్ చేస్తే వచ్చేది 1110. అక్కడ ఉండాల్సింది 0110! పాడైంది మనం రాస్తున్న ఫైలు కాదు, ఎవరూ ముట్టుకోని పక్క డిస్కులోది. ఎర్రర్ కూడా రాదు. దీని పేరు రైట్ హోల్, అంటే రాతలో గుంత.

కార్డుకి పెట్టే డబ్బు నిజానికి ఈ గుంత పూడ్చడానికి. దాని మెమరీకి బ్యాటరీయో సూపర్ కెపాసిటరో ఉంటుంది కాబట్టి ఆగిపోయిన రాతను కరెంటొచ్చాక పూర్తి చేస్తుంది. బ్యాటరీ ముసలిదైతే చాలా కార్డులు చడీచప్పుడూ లేకుండా రైట్-త్రూకి, అంటే ప్రతి రాతా డిస్కుకి చేరేదాకా ఆగే పద్ధతికి, మారిపోతాయి. సర్వర్ నత్తనడక నడుస్తుంటే అందరూ డేటాబేస్‌ని తిడుతుంటారు.

హార్డ్‌వేర్ అంటే గట్టిదనేది మనవాళ్ల నమ్మకం. కార్డు మీద నడిచేదీ సాఫ్ట్‌వేరే, మన కంటికి కనపడదంతే. కార్డే పోతే చాలాసార్లు అదే రకానిది వెతుక్కోవాలి. ఎమ్‌డీ డిస్కుల్ని మాత్రం ఇంకో లినక్స్ మెషీన్‌లో పెట్టి లేపేయొచ్చు.

సాఫ్ట్‌వేర్ కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2016 మొదట్లో వచ్చిన లినక్స్ 4.4 నుంచి ఎమ్‌డీకి జర్నల్ ఉంది: ముందు వేరే వేగమైన డిస్కులో రాసుకుని, తర్వాత అసలు చోట రాస్తుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ది ఇంకా అందమైన దారి. పాతదాని మీద రాయనే రాయదు. డేటానీ పారిటీనీ ఖాళీ చోట రాసి, అంతా అయ్యాకే, డేటా ఎక్కడుందో చెప్పే పైనున్న పాయింటర్‌ని మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే పాతదంతా పాతచోటే భద్రం.

ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లు నడిపే ఈఎస్‌ఎక్స్‌ఐలో లోకల్ డిస్కులకి సాఫ్ట్‌వేర్ రెయిడ్ లేదు కాబట్టి అక్కడ కార్డు తప్పదు. ఆ పాఠకుడి సర్వర్‌లో నడిచేది లినక్సే. డిస్కులెన్ని అని అడిగితే రెండన్నారు. రెంటినీ మిర్రర్ చేసుకోమన్నాను, అంటే రెంటిలోనూ ఒకటే రాయడం. అందులో పారిటీయే ఉండదు.