మంత్రిగారి జవాబు కాగితం: మన కాలనీ పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పార్లమెంటు అనగానే మీకు గుర్తొచ్చేది టీవీలో కనిపించే కేకలు, ప్లకార్డులు, వాయిదాలు. "అక్కడ పనేం జరుగుతుంది తాతయ్యా" అని మీరు అడగడంలో తప్పులేదు. కానీ అదే రోజు, అదే సభలో, కెమెరాలకి పట్టని పని ఒకటి జరుగుతూ ఉంటుంది. ఎంపీలు అడిగిన ప్రశ్నలకి మంత్రులు రాతపూర్వకంగా జవాబులిచ్చి సభ ముందు పెడతారు. గొడవై సభ వాయిదా పడినా ఆ జవాబులు రికార్డుకెక్కుతాయి. ఎన్నికల సభలో అన్న మాటకంటే, ప్రెస్‌మీట్‌లో అన్న మాటకంటే నేను ఆ కాగితాన్నే ఎక్కువ నమ్ముతాను.

దానికి కారణం ఉంది. సభకి కావాలని తప్పు చెబితే అది సభాహక్కుల ఉల్లంఘన అవుతుంది. పొరపాటున తప్పు లెక్క ఇచ్చినా మంత్రి మళ్లీ వచ్చి సవరణ ప్రకటన చేయాల్సిందే. అందుకే ఆ రెండు పేజీల కోసం శాఖలో కింది సెక్షన్ నుంచి కార్యదర్శి దాకా ఫైలు తిరుగుతుంది, ఒక్కో అంకె సరిచూస్తారు. ఏదీ నోటికొచ్చినట్టు రాయరు.

పద్ధతి క్లుప్తంగా చెబుతాను. లోక్‌సభలో రోజుకి 20 ప్రశ్నలు నక్షత్ర గుర్తు ఉన్నవి. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ప్రశ్నలకి కేటాయించిన గంటలో అయిదారుకి మించి రావు. నక్షత్రం లేనివి 230. వాటికి కాగితమే జవాబు. రాజ్యసభలో ఈ లెక్క 15, 160. ఎంపీ 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వచ్చే నోటీసులు చాలా ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. మంత్రిత్వ శాఖల్ని అయిదు గుంపులు చేసి వారంలో ఒక్కో రోజుకి ఒక్కో గుంపుని కేటాయిస్తారు.

ఈ హక్కు మనకి ఊరికే రాలేదు. తెల్లవాళ్ల కాలంలో 1892 చట్టం వచ్చేదాకా శాసన మండలిలో మన సభ్యులకి ప్రశ్న అడిగే వీలే లేదు. 1893 ఫిబ్రవరి 16న ఉత్తరాదిలోని భింగా రాజావారు మొదటి ప్రశ్న వేశారు. దేని గురించో తెలుసా? అధికారులు ఊళ్ల మీద క్యాంపులకి వచ్చినప్పుడు సరుకులు సమకూర్చాల్సి వచ్చి పల్లెటూరి చిన్న దుకాణదారులు పడుతున్న ఇబ్బంది గురించి. రాజుగారు అడిగింది కిరాణా కొట్టువాడి కష్టం! నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది. జవాబు విన్నాక ఎదురు ప్రశ్న వేసే హక్కు మాత్రం 1909లో గానీ రాలేదు.

ఇక అసలు విషయం, పింఛను. మన వీధిలో ఇడ్లీలు అమ్మే మామ్మ మీకు తెలుసు. ఒకటో తారీఖు పొద్దున్నే వార్డు సచివాలయం అమ్మాయి వస్తుంది. మామ్మ వేలు పిండి రుబ్బీ రుబ్బీ అరిగిపోయింది, మెషీన్ పట్టదు. చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది, ఇంకో వేలు పెడుతుంది. పచ్చలైటు వెలిగాక ఎనిమిది అయిదొందల నోట్లు చేతిలో పడతాయి. 2024 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకి 4000. ఇందులో ఢిల్లీ వాటా ఎంతో చెప్పండని నేను అడిగితే మామ్మ, "సగముంటాది కదేటి బాబూ?" అంది. కాదు. కేంద్రం జాబితాలో ఉన్న లబ్ధిదారుకైనా 60 నుంచి 79 ఏళ్ల మధ్య అది నెలకి 200. 80 దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం పెట్టుకుంటోంది.

ఈ 200 కథ రాతపూర్వక జవాబుల్లో వరసగా దొరుకుతుంది. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైనప్పుడు వృద్ధులకి ఇచ్చింది 75 రూపాయలు. 2006లో 200 చేశారు. 2011లో అర్హత వయసు 65 నుంచి 60కి దించారు, 80 దాటినవాళ్లకి 500 చేశారు. 200 మాత్రం 2025లోనూ 200గానే ఉంది. ఈ మధ్యలో పార్టీలు మారాయి, మంత్రులు మారారు. ఎవరు అడిగినా గ్రామీణాభివృద్ధి శాఖ జవాబు దాదాపు ఒకటే: కనీసం అంతే మొత్తాన్ని తమ వంతుగా కలపమని రాష్ట్రాలని ప్రోత్సహిస్తున్నాం, అని. ఇది చదివితే నాకు కోపం వస్తుంది, దాచుకోను. 2006లో రెండొందలకి వచ్చిన సరుకు ఇవాళ రెండొందలకి రాదని ప్రతి ఇంట్లో తెలుసు. కానీ ఆ కోపానికి ఆధారం ఎక్కడిది? ఆ కాగితాలే. అవి లేకపోతే ఎవరి వాటా ఎంతో తేలేది కాదు, ఎవరికి వారు మొత్తం మేమే ఇస్తున్నామని చెప్పుకునేవారు.

మన విశాఖలో ఇంకో పింఛను గొడవ ఉంది. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, పోర్టు, వాటి చుట్టూ ఉన్న చిన్న కంపెనీలు, కాంట్రాక్టు పనులు, వీటిలో ఒళ్లు హూనం చేసుకుని రిటైరైనవాళ్లు గాజువాక చుట్టుపక్కల ఎంతోమంది. వాళ్లలో చాలామందిది ఈపీఎస్-95 పింఛను, అంటే ప్రావిడెంట్ ఫండు సంస్థ నడిపే 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం. దాని కనీస మొత్తాన్ని 2014 సెప్టెంబరు 1 నుంచి నెలకి 1000 చేశారు. దాన్ని పెంచుతారా అని దాదాపు ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒక ఎంపీ అడుగుతూనే ఉన్నారు. ఆ జవాబుల్ని తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చదవండి. ఏ వాక్యం కొత్తగా చేరింది, ఏది మాయమైంది, ఏ కమిటీ పేరు వచ్చి మళ్లీ కనపడకుండా పోయింది, అన్నీ బయటపడతాయి. హార్బర్‌లో చేప కొనేటప్పుడు అమ్మ మొప్పలెత్తి చూస్తుందే, అలా చూడాలి జవాబుని.

పింఛన్లే కాదు, చట్టసభల సంస్కరణ సంగతి కూడా ఇంతే. 2014 రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి పెరగాలని ఉంది. మన నాయకులు ఏళ్ల తరబడి ఆ 225నే పట్టుకుని మాట్లాడారు. ఎంపీలు కేంద్రాన్ని అడిగితే రాతపూర్వకంగా వచ్చిన జవాబు వేరు. ఆ సెక్షన్ మొదట్లోనే రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి అని ఉంది, ఆ అధికరణం ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్య మారదు, అని 2021లో హోంశాఖ స్పష్టంగా చెప్పింది. ఆ జవాబు నచ్చడం నచ్చకపోవడం వేరే సంగతి. చట్టం పాఠం తెచ్చుకుని మొదటి వాక్యం చదివినవాళ్లకి అది ముందే తెలుసు.

రాతపూర్వక జవాబు ఊరినే రోడ్డెక్కించిన సందర్భం మన కళ్లముందే జరిగింది. విశాఖ ఉక్కులో కేంద్రం వాటాలు పూర్తిగా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నది 2021 జనవరి 27న. ఆందోళన అప్పటికే మొదలైంది, ఇంకా పునరాలోచన ఉంటుందేమోనన్న ఆశ కూడా ఉండేది. మార్చి 8న లోక్‌సభలో ఆర్థిక మంత్రి జవాబు వచ్చింది: నూరు శాతం వాటాల ఉపసంహరణే, ఇందులో రాష్ట్రానికి ఈక్విటీ వాటా లేదు, అని. ఆ మాట అందగానే కూర్మన్నపాలెం జంక్షన్‌లో కార్మికులు హైవే మీద బైఠాయించారు. 1966లో ఈ ఫ్యాక్టరీ కోసం రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలిచ్చారు కదా. ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్నది పుకారు కాదు, మంత్రి రాసిచ్చిన జవాబు. అది చేతిలో ఉంటే పోరాటం దేనిమీదో అందరికీ ఒకేలా అర్థమవుతుంది. 2025 జనవరిలో ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అది సరిపోతుందా, ప్రైవేటీకరణ మాటేమిటి అన్న ప్రశ్నలు పార్లమెంటులో ఆ తర్వాతా వచ్చాయి, రావాలి కూడా.

తప్పించుకునే జవాబులు ఉండవా అంటే, బోలెడు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం", "ప్రశ్న ఉత్పన్నం కాదు". మన దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ని 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది 2025 జనవరి 8న. నడుమ ఎన్ని జవాబుల్లో డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) పరిశీలన గురించి చదివామో! అయితే మొదటి రెండు మాటల్ని తేలిగ్గా తీసుకోకండి. అవి సభకి ఇచ్చిన హామీ కింద లెక్క. 1953 నుంచి లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. అలాంటి జవాబుల్ని పట్టిక వేసుకుని, మూడు నెలల్లో నెరవేర్చమని శాఖల వెంటపడటం దాని పని. గడువులు పొడిగించుకుంటూ పోయే శాఖలు ఉన్నాయి, నిజమే. కానీ ఆ పట్టికలో పేరున్నంతకాలం ఫైలు మూసేయడం కుదరదు.

పార్లమెంటుని ఎలా బాగుచేయాలని పెద్ద పెద్ద చర్చలు జరుగుతుంటాయి. నాకు మాత్రం ప్రశ్నల పద్ధతి బాగుపడితే సగం పని అయినట్టే అనిపిస్తుంది. 2009 నవంబరు 30న లోక్‌సభలో ప్రశ్నలు వేసిన ఎంపీలే సభకి రాకపోవడంతో ప్రశ్నోత్తరాల సమయం మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత నియమం మార్చారు, అడిగిన సభ్యుడు లేకపోయినా మంత్రి జవాబు చెప్పాలి. 2014లో రాజ్యసభ ప్రశ్నల సమయాన్ని గొడవల తాకిడి తగ్గుతుందని 11 గంటల నుంచి మధ్యాహ్నం 12కి జరిపింది. 2020 సెప్టెంబరులో కరోనా పేరుతో నోటి ప్రశ్నలు ఎత్తేసి రాత జవాబులతో సరిపెట్టారు. అది నాకు నచ్చలేదు. కాగితం గొప్పదే గానీ, దానికి ఎదురు ప్రశ్న వేసే వీలు లేదు. జవాబు అసంపూర్తిగా ఉందనుకుంటే అరగంట చర్చ కోరే నియమం ఒకటుంది, అది దొరకడం అరుదు. బ్రిటన్ కామన్స్ సభలో ఫలానా తేదీకి జవాబు కావాలని సభ్యుడే రోజు పెట్టి రాతపూర్వక ప్రశ్న వేయొచ్చు. అలాంటిది మనకీ కావాలి. రాత జవాబు మీద కనీసం ఒక్క అనుబంధ ప్రశ్నయినా రాతలోనే వేసే వీలుండాలి.

ప్రశ్న అడిగేవాళ్లలోనూ తప్పులున్నాయి. ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్నందుకు 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలని పదవి నుంచి తీసేశారు. మీరు పౌరశాస్త్రం పుస్తకంలో చదివినా చదవకపోయినా ఇది తెలిసి ఉండాలి.

ఇప్పుడు మీకు పని. ఎంపీకి ప్రశ్న రాసిచ్చే హక్కు ఎవరికైనా ఉంది, వేయడం వేయకపోవడం ఆయన ఇష్టం. "ప్రభుత్వం వృద్ధుల సంక్షేమానికి ఏం చేస్తోంది?" అని అడిగితే నాలుగు పేజీల పథకాల పేర్లు వస్తాయి, పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు. ఇలా అడగాలి: (ఎ) వృద్ధాప్య పింఛనులో కేంద్ర వాటా 200ని చివరిసారి ఎప్పుడు సమీక్షించారు, (బి) ధరల పెరుగుదలని లెక్కలోకి తీసుకున్నారా, (సి) విశాఖ జిల్లాలో గత మూడేళ్లలో ఏడాదివారీగా లబ్ధిదారులెందరు, విడుదలైన మొత్తమెంత, (డి) పెంచే ప్రతిపాదన ఉందా, లేకపోతే కారణాలేమిటి. ఇక్కడ జారిపోవడానికి సందు తక్కువ.

ఏ సభకి ఏది అడగాలో కూడా చూసుకోవాలి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల రాష్ట్రం, ఆపైన కేంద్రం ఉత్తర్వులిస్తాయి. ఆ రోజులకి మత్స్యకార కుటుంబాలకి ఇచ్చే భృతిని 2025లో రాష్ట్రం 20,000 చేసింది. భృతి సంగతి పార్లమెంటులో అడిగితే రాష్ట్ర విషయమని తిప్పి పంపేస్తారు, అది అసెంబ్లీలో అడగాలి.

వచ్చే ఆదివారానికి ఈ వేట నిషేధం మీదే ఇద్దరిద్దరు కలిసి రెండు ప్రశ్నలు రాసుకురండి, ఒకటి మన ఎమ్మెల్యే గారికి, ఒకటి ఎంపీ గారికి. రాసే ముందు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, బోటు మీద పనిచేసే కలాసీలకి ఆ భృతి అందుతోందో లేక బోటు యజమాని దగ్గరే ఆగుతోందో నలుగురిని అడగండి. పార్లమెంటులో ఇచ్చిన పాత జవాబులు పార్లమెంటు వారి సంసద్ వెబ్‌సైట్‌లో శాఖ పేరుతో వెతికితే దొరుకుతాయి, అడిగిందే మళ్లీ అడిగితే తీసుకోరు కాబట్టి ముందు అవి చూడండి. 150 పదాలు దాటనివ్వకండి.

ఇట్లు,
మీ తాతయ్య,
గాజువాక, విశాఖపట్నం