బాలింత పళ్లెం నుంచి పసిబిడ్డ నోటికి: సోయకూర వెనకటి కథ

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలి వైపు తెలుగు ఇళ్లలో పురుడు వచ్చిందంటే కిరాణా చీటీలో వాముతో పాటు సోయకూర (ఇంగ్లీషులో డిల్) గింజ కూడా ఉంటుంది. మరాఠీ దుకాణంలో దాన్ని బాళంత్‌శోప అని అడగాలి. ఇంటికి తెచ్చి దోరగా వేయించి వాము, నువ్వులు, ఎండుకొబ్బరి, సైంధవ లవణం కలిపి డబ్బాలో పోస్తారు. భోజనం అయ్యాక బాలింత చిటికెడు నోట్లో వేసుకుని నములుతుంది. చలికాలమైతే అంగట్లో పచ్చి ఆకు కట్టలు దొరుకుతాయి కాబట్టి పెసరపప్పు వేసి సోయకూర వండి, జొన్నరొట్టెతో పెడతారు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

అదే గింజను మరిగించిన నీళ్లు ఉగ్గుగిన్నెతో బిడ్డ నోట్లో పోసే దగ్గర పేచీ మొదలవుతుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దని ఆశా కార్యకర్త చెబుతుంది. మీ అందరికీ ఇవే పోసి పెంచాను కదా అని అమ్మమ్మ అంటుంది. ఎవరి మాట వినాలో తెలియక నలిగేది పచ్చి బాలింత. ఇద్దరూ బిడ్డ మేలు కోరేవాళ్లే. అందుకే ఒకరిది మూఢత్వమనో, ఇంకొకరిది పుస్తకాల చదువనో తోసెయ్యకుండా, ఈ గింజ ఈ ఉగ్గుగిన్నెలోకి ఎలా వచ్చిందో వెనక్కి వెళ్లి చూడటం అవసరం. చూస్తే నాకు అర్థమైంది ఇదీ: మన సంప్రదాయంలో సోయకూర ముందుగా తల్లి మందు. బిడ్డకు రోజూ చెంచాల లెక్కన పోసే అలవాటుకు బలం ఇచ్చింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక సీసా.

కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు ఏ కుటుంబానివో సోయకూర కూడా ఆ కుటుంబానిదే. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామం అనేథం గ్రావియోలెన్స్. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతపు ఈజిప్టు వైద్య గ్రంథం ఎబర్స్ పత్రంలోనే నొప్పి తగ్గించే మిశ్రమాల్లో దీని ప్రస్తావన ఉంది. సంస్కృతంలో దీన్ని శతపుష్ప అన్నారు. చరక సంహిత దీన్ని వస్తికర్మకు (మలద్వారం గుండా మందు ఎక్కించే చికిత్సకు) పనికొచ్చే ద్రవ్యాల్లో చేర్చింది. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలోనూ ఉంది.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన సాక్ష్యం కాశ్యప సంహిత. ఆయుర్వేదంలో పసిబిడ్డల వైద్యానికి ప్రత్యేకించిన ప్రాచీన గ్రంథం అది. నేపాల్‌లో దొరికిన అసంపూర్ణ తాళపత్ర ప్రతి ఆధారంగా 1938లో అచ్చయింది. అందులో శతపుష్పకు, శతావరికి కలిపి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆ అధ్యాయం మాట్లాడేది స్త్రీ గురించి: ఆమె ఋతుక్రమం, ఆమె సంతానం, ఆమె బలం. పిల్లల వైద్యం చెప్పడానికే పుట్టిన పుస్తకం ఈ మొక్కను తల్లి దగ్గర పెట్టింది. మన ఇళ్ల బాలింత డబ్బా ఆ దారిలోదే.

అయితే బిడ్డకు పూర్వం ఏమీ పెట్టలేదని కాదు. మరాఠ్వాడా ఇళ్లలో బాళ్‌గుటి ఉంది. కరక్కాయ, వస కొమ్ము, మరికొన్ని సానరాయి మీద రెండు మూడు చుట్లు అరగదీసి, వేలి కొసతో నాకించేవాళ్లు. ఇదీ సురక్షితమని నేను అనను. సానరాయి శుభ్రత ఒక ప్రశ్న. వస కొమ్ములోని బీటా అసరోన్ అనే పదార్థం హానికరమని ఎలుకల మీద పరీక్షల్లో తేలింది. కానీ అది నాకించడం, తాగించడం కాదు. కొలత చాలా చిన్నది.

ఈ అలవాట్లు రెండు భాషల్లో ఎందుకు కలగలిసి ఉన్నాయో తెలియాలంటే 1956 నవంబరు 1 గుర్తు చేసుకోవాలి. అంతవరకు నాందేడ్, ఆదిలాబాద్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలే. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. దాని ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ ప్రాంతాలు, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఆదిలాబాద్ నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు అటు పోయాయి. గీత మారింది గాని చుట్టరికాలు మారలేదు. ఇవాళ్టికీ పుట్టిల్లు భైంసా దిక్కు, అత్తిల్లు బిలోలి దిక్కు ఉన్న ఆడపిల్లలు ఎందరో. పురుడు తెలంగాణలో, టీకాలు మహారాష్ట్రలో. ఒక చోట తెలుగులో విన్న జాగ్రత్త, ఇంకో చోట మరాఠీ కరపత్రంలో అక్షరాలుగా మిగిలిపోతుంది. ఇంటి పెద్దల మాట మాత్రం రెండు వైపులా ఒకే భాషలో, ఒకే గొంతుతో వినబడుతుంది. సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి పట్టించుకోవడం లేదన్నది నా బాధ.

ఇక సీసా కథ. 1840లలో తూర్పు ఇంగ్లండ్ చిత్తడి నేలల్లో మలేరియా లాంటి జ్వరం వ్యాపించి ఉండేది. ఆ జ్వరానికి పిల్లలకు ఇచ్చిన మందు వాళ్ల కడుపునొప్పినీ తగ్గిస్తోందని అక్కడివాళ్లు గమనించారు. దాన్ని ఆధారం చేసుకుని నాటింగ్‌హామ్ మందుల తయారీదారు విలియం వుడ్‌వర్డ్ 1851లో గ్రైప్ వాటర్ చేశాడు. సోయగింజ నూనె, సోడియం బైకార్బొనేట్, చక్కెర, నీళ్లు, వీటితో పాటు 3.6 శాతం ఆల్కహాల్. 1876లో ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ తీసుకున్నాడు. బిడ్డ తాగగానే ఊరుకుంటున్నాడంటే అందులో సోయగింజ మహిమ ఎంత, చక్కెర ఎంత, సారా ఎంత? నూటనలభై ఏళ్ల దాకా ఈ ప్రశ్న గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. 1990ల తొలి ఏళ్లలోగాని ఇంగ్లండ్‌లో ఆల్కహాల్ తీసెయ్యలేదు. 1993లో అమెరికా ఆ సీసాల దిగుమతిని అడ్డుకుంది.

టి.టి. కృష్ణమాచారి స్థాపించిన పంపిణీ సంస్థ చేతుల మీదుగా ఆ సీసా మన దేశంలో మారుమూల పల్లెల దాకా చేరింది. తర్వాత టీవీ ప్రకటన వచ్చింది. అందులో పెద్దతరం చిన్నతరానికి అదే పట్టమని చెబుతుంది. అమ్మమ్మ మాటకు అంతకన్నా బలమైన ముద్ర ఏముంటుంది? అలా ఒక వ్యాపార సరుకు రెండు తరాల్లో ఆచారమైపోయింది. సీసా కొనలేని ఇళ్లలో, అందులో ఉన్నది సోయగింజే కదా అని ఇంట్లోనే మరిగించి చెంచాలతో పొయ్యడం సహజంగానే తోచింది.

కానీ ఇక్కడొక చిక్కు ఉంది. ఐరోపా గింజ నూనెలో ప్రధానమైనది కార్వోన్. మన దేశపు గింజలో కార్వోన్ తక్కువ, డిల్లపియోల్ అనే ఇంకో పదార్థం ఎక్కువ. పురుగుమందుల పని పదునెక్కించడానికి ఈ డిల్లపియోల్ పనికొస్తుందేమోనని శాస్త్రవేత్తలు పరిశోధించారు. దీని అర్థం కూరలో వేస్తే విషమని కాదు. తరతరాలుగా తింటున్న ఆహారమిది. ఇంటి కషాయం సీసా మందుకు నకలు కాదని మాత్రమే అర్థం. గింజ ఏ రకం, ఎంత పాతది, ఎంతసేపు మరిగింది అన్నదాన్ని బట్టి ప్రతిసారీ కొలత మారుతుంది. పైగా దుకాణపు డబ్బాల్లో సోంపు, సోయగింజ, వాము పక్కపక్కనే ఉంటాయి, ఒకటనుకుని ఇంకొకటి కట్టించుకునే వీలూ ఉంది.

గింజ సారం పేగుల బిగువును సడలిస్తుందని జంతువుల మీద ప్రయోగాల్లో కనిపించింది. పసిబిడ్డల కడుపునొప్పి దీనితో తగ్గుతుందని నమ్మదగ్గ రుజువు మాత్రం లేదు. పిల్లల కడుపునొప్పి మందులన్నిటి మీదా వచ్చిన అధ్యయనాలను 2016లో, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ సమీక్షించింది. మూలికల మందుల గురించి ఉన్న సాక్ష్యం నాసిరకమని తేల్చింది. ఈ ఏడుపు సాధారణంగా ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గిపోతుంది. తగ్గే సమయానికి చేతిలో ఏ మందు ఉంటే పేరు దానికి దక్కుతుంది.

2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే అని తీర్మానించింది. మన దేశంలో 2016లో తల్లిపాల ప్రోత్సాహానికి ‘మా’ (MAA) అనే కార్యక్రమం మొదలైంది. నీళ్లయినా వద్దనడానికి కారణం సులువుగా చెప్పొచ్చు. నెలలోపు బిడ్డ కడుపు చాలా చిన్నది. నాలుగు చెంచాల కషాయం పడితే అంత మేర పాలు తాగడు, బిడ్డ తాగకపోతే తల్లికి పాలు తగ్గుతాయి. గిన్నె, చెంచా, నీళ్లు ఏది శుభ్రంగా లేకపోయినా విరేచనాలు. కంపెనీ సీసా అయినంత మాత్రాన భరోసా లేదు: 2007లో అమెరికాలో ఒక గ్రైప్ వాటర్‌లో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి బయటపడి, వాడొద్దని ప్రభుత్వం హెచ్చరించాల్సి వచ్చింది. నాకు మరీ భయం కలిగించేది ఆలస్యం. జ్వరం, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, ఉబ్బి గట్టిపడ్డ పొట్ట, పాలు పట్టకపోవడం, మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా గంటలు కూడా ముఖ్యమే. ఇంకో చెంచా పోసి చూద్దామనుకునేలోపు నాందేడ్‌కో ఆదిలాబాద్‌కో వెళ్లాల్సిన సమయం కరిగిపోతుంది.

తల్లి సంగతి వేరు. ఆకు కూరగా, గింజ చిటికెడుగా తినడానికి మామూలుగా అభ్యంతరం లేదు. వంద గ్రాముల పచ్చి ఆకులో 85 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి, ఆరు మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటాయి. పాలు పెంచుతుందన్నదానికి గట్టి రుజువు లేకపోయినా, బాలింతను ఆకుకూర తిననిచ్చే ఆచారం మంచిదే. కొన్ని ఇళ్లలో ఇదే గింజను నిప్పుల మీద చల్లి తల్లీబిడ్డలకు పొగ పెడతారు. మూసిన గదిలో ఆ పొగ పసి ఊపిరితిత్తులకు చేటు. అది మానాలి.

గర్భంతో ఉన్నప్పుడు మాత్రం గింజ కషాయం జోలికి పోవద్దు. కాన్పు నొప్పులు తొందరపెట్టడానికి ఇరాన్‌లో దీన్ని పరీక్షించి చూశారు. కొంత పని చేస్తుందన్న ఫలితాలూ వచ్చాయి. నెలలు నిండకముందు తాగకూడదనడానికి అదే కారణం. నూనె ఎవరూ లోపలికి తీసుకోకూడదు. ధనియాలు, జీలకర్ర, సోంపు పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. పచ్చి ఆకు రసం చేతులకంటి ఎండలో తిరిగితే కొందరికి చర్మం కందుతుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలు వాడేవాళ్లు ఏ ఆకుకూరనైనా ఒక్కసారిగా పెంచకుండా ఒకే తీరుగా తినాలి. కొలెస్ట్రాల్ తగ్గిస్తుందన్న ప్రచారం మీద ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి. 2007లో వెలువడిన ఒక ఇరాన్ అధ్యయనంలో పెద్దగా తేడా కనిపించలేదు.

బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, ఇంట్లో ఏమైనా పోశారా అని డాక్టర్ అడిగితే చాలామంది లేదంటారు, తిడతారన్న భయంతో. బాళంత్‌శోప నీళ్లు పోశామని, ఎన్ని చెంచాలో, ఎన్ని రోజులుగానో చెబితే వైద్యానికి దారి దొరుకుతుంది. చెప్పిన అమ్మమ్మను కసరకుండా విని రాసుకోవడం డాక్టర్ వంతు.