రేవు పట్నంలో తిండీ, మందూ: వంటింటి వైపు నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

ఇరవై ఏళ్ళ పైగా రేవు ఊళ్ళ హోటళ్ళలో చేపలు కోస్తున్నాను, వండుతున్నాను. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపలికి అడుగు పెడుతూనే "సముద్రం కనిపించే టేబుల్ ఉందా?" అంటారు. ఈ చేప ఎప్పుడొచ్చింది, ఐసులో ఎన్నాళ్ళుంది అని అడిగినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కిటికీలోంచి కనిపించే నీళ్ళకీ మీ కంచంలోకొచ్చే చేపకీ ఏ సంబంధమూ ఉండకపోవచ్చు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: ఒడ్డునే కూర్చుని తింటున్నాం కదా, ఇది పొద్దున పట్టిన చేపే.

పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే చిన్న పడవలదైతే నిజమే. పెద్ద ట్రాలర్లు ఒకసారి కదిలితే వారం, పది రోజులు సముద్రం మీదే ఉంటాయి. మొదటి రోజు వలలో పడ్డ చేప అన్నాళ్ళూ ఓడ అడుగున ఐసులోనే ఉంటుంది, చివరి రోజు పడ్డదీ అదీ ఒకే పొద్దున రేవులో దిగుతాయి, రెండిటినీ "ఇవాళ్టి సరుకు" అనే అంటారు, అందులో అబద్ధమూ లేదు. ఇక రొయ్యలు, సాల్మన్ చాలావరకు పెంచినవే. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో 2022లో మొదటిసారి, పట్టిన జలచరాల కంటే పెంచినవి ఎక్కువయ్యాయి, 51 శాతం. పెంచినవి తక్కువరకం అనడం లేదు, కానీ అవి లారీలో ఎక్కడినుంచైనా రావచ్చు.

మా లెక్కలో తాజాదనం అంటే ఐసు. సున్నా డిగ్రీల దగ్గర ఐసులో కప్పి ఉంచిన చేపతో పోలిస్తే, ఐదు డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టినది రెండింతల కంటే వేగంగా పాడవుతుంది. కాబట్టి చేపల్ని బయట పరిచి చూపించే చోట ముందు ఐసు చూడండి. చేప ఐసు మీద అలంకారంగా పడుకుని ఉందా, ఐసులో కూరుకుని ఉందా? కరిగిన నీళ్ళు కిందకి పోతున్నాయా, చేప అందులోనే నానుతోందా? తర్వాత కన్ను: ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి, గుంటపడి మసకబారిందంటే వదిలెయ్యండి. మొప్ప ఎత్తి చూపించమంటే చూపిస్తారు, ఎర్రగా ఉండాలి, గోధుమరంగులోకి తిరిగి జిగురు పట్టి ఉండకూడదు. పొట్ట దగ్గర వేలితో నొక్కితే ఆ గుంట వెంటనే సర్దుకోవాలి. వాసన సంగతైతే, నిఖార్సైన సముద్రపు చేపకి నీచు వాసన దాదాపు ఉండదు, నాచు వాసనో, కోసిన కీరదోస వాసనో వస్తుంది. ముక్కు పట్టుకునే వాసన చేపది కాదు, చేప చచ్చాక బ్యాక్టీరియా చేసిన పనిది.

అపోహ: ఫ్రోజెన్ అంటే పాతది, పచ్చిగా తినాలంటే తాజాదే తినాలి.

ఇది తిరగేసి చెప్పుకోవాలి. ఓడలోనే, పట్టిన కొద్ది గంటల్లో గడ్డకట్టించిన చేప చాలాసార్లు ఐసులో వారం గడిపిన "తాజా" చేప కంటే మెరుగు. పచ్చి చేపతో భయం అనిసాకిస్ లాంటి పురుగులు. వాటిని చంపడానికే, పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. నిమ్మరసం, వెనిగర్ పోసి ఊరబెడితే ముక్క తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది గానీ, పురుగులు చావాలన్న గ్యారంటీ లేదు. మా చేపను ఒక్కసారి కూడా ఫ్రీజ్ చెయ్యలేదని ఎవరైనా గొప్పగా చెబితే, పచ్చి ముక్క విషయంలో నాకు అది గొప్పగా వినిపించదు.

అపోహ: బాగా ఉడికించేస్తే ఏమీ కాదు.

ఇది నేను ఒంటి మీద నేర్చుకున్నాను. అప్పట్లో పనిచేసే చోట మధ్యాహ్నం రష్ అయ్యాక స్టాఫ్ భోజనానికి ట్యూనా ముక్కలు వేయించారు. చూడ్డానికి బాగున్నాయి, బాగా కాలాయి కూడా. మొదటి ముద్దకే నాలుక చివర మిరియం నమిలినట్టు చురుక్కుమంది, మసాలా ఎక్కువైందనుకుని తినేశాను. అరగంట కాకుండానే మొహం, మెడ కందిపోయి, గుండె దడదడమంటూ తలనొప్పి పట్టుకుంది. నలుగురం తిన్నాం, ముగ్గురికి అదే. సీఫుడ్ ఎలర్జీ అనుకుని టెన్షన్ పడ్డాం గానీ తర్వాత తెలిసింది, ఆ చేపలున్న డబ్బా పొద్దున ఐసు లేకుండా మూలన ఉండిపోయిందని. ట్యూనా, కానాగడత, కవళ్ళ లాంటి చేపలు వెచ్చగా ఉండిపోతే బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది ఒకసారి తయారైందా, వేయించినా, ఉడకబెట్టినా, గడ్డకట్టించినా పోదు. ఆ చురుకు తగిలితే మొహమాటపడకుండా అక్కడితో ఆపెయ్యండి, మొహం ఎర్రబడితే డాక్టర్‌కి ఏ చేప తిన్నారో చెప్పండి, ఊపిరి ఆడకపోతే మాత్రం ఇదేనేమో అనుకుంటూ కూర్చోకండి.

ఉష్ణమండలపు రేవుల్లో ఇంకోటుంది, సిగ్వాటెరా. పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద చేపల్లో, ముఖ్యంగా బర్రకూడాలో, నాచు నుంచి చేరిన విషం పేరుకుంటుంది, దీనికి రుచీ వాసనా ఏమీ ఉండవు, వంటకి లొంగదు. అలాంటి చోట్ల పెద్ద చేపను చూసి మురిసిపోయి ఆర్డర్ చెయ్యకపోవడమే మేలు.

అపోహ: పచ్చి ఆయిస్టర్ (తినే ఆలుచిప్ప) మీద ఒక పెగ్గు పడితే క్రిములు చస్తాయి.

చావవు. మీ గ్లాసులో మందు విబ్రియో అనే బ్యాక్టీరియాని ఏమీ చెయ్యలేదు, నిమ్మకాయ, కారం సాసు కూడా అంతే. పైగా విబ్రియో వల్నిఫికస్ అనేది లివర్ దెబ్బతిన్నవాళ్ళకి ప్రాణాంతకం, అంటే ఎవరు ఎక్కువ తాగుతారో వాళ్ళే పచ్చివాటికి దూరంగా ఉండాలి. ఇంగ్లిషులో "ఆర్" అక్షరం లేని నెలల్లో, మే నుంచి ఆగస్టు దాకా, ఆయిస్టర్లు తినకూడదనే పాత మాట పూర్తిగా పిచ్చిది కాదు. ఉత్తరార్ధగోళంలో అవి ఎండాకాలపు నెలలు, నీళ్ళు వేడెక్కితే విబ్రియో పెరుగుతుంది, ఆయిస్టర్ గుడ్ల సీజన్‌లో సాగుతూ నీళ్ళగా ఉంటుంది. దక్షిణార్ధగోళంలో మాత్రం ఈ లెక్క తలకిందులు. మరో మాట, ఉడికినా నోరు తెరవని మసెల్ (ఇంకో రకం ఆలుచిప్ప) పారెయ్యాలనేది. నిక్ రుయెల్లో అనే ఆస్ట్రేలియా మత్స్య నిపుణుడు కుప్పలకొద్దీ ఉడికించి చూస్తే మామూలు వంటలో సుమారు 11.5 శాతం మూసుకునే ఉన్నాయి, తెరిచి చూస్తే బానే ఉడికాయి. వండకముందే నోరు తెరుచుకుని, తట్టినా ముడుచుకోనివే అసలు పారెయ్యాల్సినవి.

అపోహ: చేపకి వైట్ వైనే.

సగం నిజం. 2009లో జపాన్ పరిశోధకులు స్కాలప్ అనే ఆలుచిప్ప రకంతో రకరకాల వైన్లు రుచి చూపించి, నోట్లో మిగిలే నీచు రుచికి వైన్‌లోని ఇనుమే కారణమని తేల్చారు. కొన్ని రెడ్ వైన్లలో ఇనుము ఎక్కువ, కొన్నిట్లో తక్కువ, అది సీసా మీద రాసి ఉండదు, అదే చిక్కు. బీరు తాగేవాళ్ళకి ఈ గొడవే లేదు.

మందు దగ్గరే ఇంకోటి. సముద్రపు గాలికి ఎంత తాగినా ఎక్కదు, ఓడవాళ్ళు రోజంతా రమ్ము తాగేవారు కదా అంటారు. గాలికి చెమట ఆరిపోయి మీకు తెలియదు, అంతే. ఓడవాళ్ళ సంగతా, వాళ్ళు తాగి తూలుతుంటేనే బ్రిటిష్ అడ్మిరల్ వెర్నన్ 1740లో రోజు వాటా అరపైంటు రమ్ములో దానికి నాలుగింతల నీళ్ళు కలిపి, రెండు విడతలుగా పొయ్యమని ఆర్డరేశాడు. ఓడవాళ్ళు గ్రాగ్ అని పిలిచిన మందు అదే. బ్రిటిష్ నౌకాదళం రమ్ము వాటాని 1970 జులై 31తో ఆపేసింది.

అపోహ: రేవులో చేప చవక.

వేలం దగ్గర చవక కావొచ్చు. ఒడ్డున అద్దె కట్టే హోటల్లో కాదు. మెనూలో "మార్కెట్ రేటు" అని ఉంటే వంద గ్రాములకా, కిలోకా అని అడగండి. తూకం శుభ్రం చేయకముందు చేపదే ఉంటుంది, తల, ముల్లు, పొట్ట పోగా సగం మిగిలితే గొప్ప. మీ ముందే తూచి, వండకముందే మొత్తం ఎంతవుతుందో చెప్పమనండి, మంచి చోట ఇలా అడిగితే ఎవరూ మొహం మాడ్చుకోరు. అడక్కుండా టేబుల్ మీద పెట్టిన బ్రెడ్డు, ఆలివ్‌లు ఫ్రీయేనా అనీ అడగండి, పోర్చుగల్‌లో తింటే బిల్లులో పడతాయి, వద్దంటే తీసుకెళ్ళిపోతారు.

చివరగా, గ్లాసులో ఐసు. నీళ్ళు గడ్డకడితే క్రిములు చస్తాయనుకుంటారు, చాలావరకు చావవు, కరిగాక మళ్ళీ లేస్తాయి, విస్కీ పోసినా అంతే. కుళాయి నీళ్ళు తాగలేని ఊళ్ళో నేను బీరు సీసాతోనే సరిపెట్టుకుంటాను, అదీ నా ముందే మూత తీయించి.