కరోనా కాలంలో దీన్, దవా: ఒక నెల్లూరు ఫార్మసిస్టు విన్న అపోహలు, చెప్పిన వాస్తవాలు

నెల్లూరు కోటమిట్టలో మాది చిన్న మందుల షాపు. నేను ఫార్మసిస్టుని, ఐదు పూటలా నమాజు చదివేవాణ్ణి. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు తేలింది మా ఊళ్ళోనే, 2020 మార్చిలో, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. ఆ రోజు నుంచి రెండేళ్ళపాటు మా కౌంటర్ ముందు నిలబడి జనం అడిగిన ప్రశ్నల్లో సగం దవా, అంటే మందు గురించి, సగం దీన్, అంటే మతం గురించి. చాలాసార్లు రెండూ కలిసే ఉండేవి. ఇప్పటికీ రంజాన్ వస్తే అవే ప్రశ్నలు వస్తుంటాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: అల్లా మీద భరోసా ఉన్నవాడికి మాస్కెందుకు, మందెందుకు?

ఈ మాట అన్నవాళ్ళలో ఎక్కువమంది మంచి మనసున్న పెద్దవాళ్ళు. వాళ్ళతో నేను వాదన పెట్టుకోలేదు, ప్రవక్త తర్వాత ముస్లింలకు రెండో ఖలీఫా (పాలకుడు) అయిన ఉమర్ సంగతి చెప్పేవాణ్ణి. క్రీస్తుశకం 639 ప్రాంతంలో షామ్ దేశంలో (ఇప్పటి సిరియా, పాలస్తీనా ప్రాంతం) అమ్వాస్ అనే చోట ప్లేగు పుట్టింది. ఉమర్ అటువైపు పోతూ సర్గ్ అనే చోటి దాకా వచ్చి, కబురు తెలిసి వెనక్కి తిరిగారు. "అల్లా రాసిన రాత నుంచి పారిపోతున్నారా?" అని అక్కడి సేనాని అబూ ఉబైదా అడిగితే, "అల్లా రాత నుంచి అల్లా రాత వైపుకే పోతున్నాం" అన్నారు. ఒక లోయలో ఒక పక్క పచ్చిక, ఒక పక్క ఎండిన నేల ఉంటే ఒంటెల్ని ఎటు తోలినా అది అల్లా రాతే కదా అని అడిగారు. తెగులు ఉన్న ఊరికి పోవద్దు, ఆ ఊళ్ళో ఉంటే బయటికి రావద్దు అని ప్రవక్త (స) చెప్పిన మాటను అక్కడే అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ గుర్తు చేశారు. మనం కొత్తగా నేర్చుకున్నాం అనుకున్న క్వారంటైన్ ఇదే. అబూ ఉబైదా అంతటి సహాబీ (ప్రవక్త సహచరుడు) కూడా ఆ ప్లేగులోనే పోయారు. ఈమాన్ (విశ్వాసం) ఉంటే రోగం అంటదని ఆ తరంవాళ్ళు ఎవరూ అనుకోలేదు.

వైద్యం చేయించుకోండి, ముసలితనానికి తప్ప ప్రతి జబ్బుకీ అల్లా మందు పెట్టాడు అన్న హదీసు (ప్రవక్త మాట) కూడా ఉంది. నేను ఈ చదువు చదివింది ఆ మాట మీద నమ్మకంతోనే.

అపోహ: టీకాలో పంది కొవ్వు ఉంది, సారా ఉంది.

2021లో మా వీధిలో టీకాకి అడ్డం పడ్డ మొదటి మాట ఇదే. మన దగ్గర ఎక్కువగా వేసినవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. రెండింటి కాగితాలూ తెప్పించి కౌంటర్ మీద పెట్టి చదివి వినిపించాను. పంది నుంచి తీసిన జెలటిన్ రెండింట్లోనూ లేదు. కోవిషీల్డ్‌లో హిస్టిడిన్, మెగ్నీషియం క్లోరైడ్, పాలీసోర్బేట్ 80, చక్కెర, ఉప్పు లాంటివి ఉంటాయి. ఇథనాల్ కూడా ఉంది. అది లేదని నేను ఎవరికీ చెప్పలేదు. అర మిల్లీలీటరు డోసులో సుమారు 2 మిల్లీగ్రాములు. మత్తు అనే మాటకే చోటు లేనంత తక్కువ. కోవాగ్జిన్‌లో చంపేసిన వైరస్, అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటివి ఉంటాయి. దానికోసం వైరస్‌ను పెంచే కణాలకు దూడ సీరం వాడతారు, తయారైన టీకాలో అది మిగలదు.

ఇంతవరకు చెప్పడం తేలికే. కష్టమైన ప్రశ్న వేరే ఉంది.

2021 మేలో ఒక అబ్బాయి చీటీ తెచ్చాడు. వాళ్ళ నాన్న ఆక్సిజన్ మీద ఉన్నాడు. రక్తం గడ్డ కట్టకుండా పొట్ట మీద వేసే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్లు రాశారు. డబ్బులు చేతికిస్తూ, "భాయ్, ఇందులో మనకు కూడనిది ఏమీ లేదు కదా?" అన్నాడు. ఆ అబ్బాయికి టెన్షన్‌తో చెయ్యి వణుకుతోంది. లేదు అంటే ఒక్క మాటతో పోయేది. కానీ ఎనాక్సాపారిన్‌ను హెపారిన్ నుంచి చేస్తారు, ఆ హెపారిన్‌ను పంది పేగు లోపలి పొర నుంచి తీస్తారు. అది నాకు తెలుసు. తెలిసి దాచడం నా దృష్టిలో ఖియానత్, అంటే నమ్మకద్రోహం. ఎదుటివాడు నమ్మి అడిగిన మాట అమానత్, అంటే మన దగ్గర దాచుకున్న సొమ్ము లాంటిది. దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలి.

అందుకని నిజం చెప్పాను. దాని వెంటనే మిగతాది కూడా చెప్పాను. ప్రాణం మీదకు వచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు నిషేధం సడలుతుందని ఖురాన్‌లో అల్ బఖరా సూరా 173వ ఆయత్ చెబుతుంది. ఉలమాలు (మత పండితులు) మందుల విషయంలో పట్టుకునే ఆధారం అదే. ఫోండాపారినక్స్ అని పూర్తిగా ల్యాబ్‌లో తయారుచేసే మందు ఒకటుంది, కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకు పనికిరాదు, మార్చాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. మతం సంగతి తేల్చాల్సింది నేను కాదు కాబట్టి ఇమాం సాబ్‌కి అక్కడి నుంచే ఫోన్ కలిపాను. ఆయన అడిగింది ఒకటే: "ఇప్పుడు దీనికి బదులు ఇంకొకటి చేతిలో ఉందా?" లేదన్నాను. "అయితే ఆలస్యం చేయకుండా పంపు" అన్నారు. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. అబ్బాయి ఇంజెక్షన్లు తీసుకుని పరుగెత్తాడు.

నెల తర్వాత మళ్ళీ వచ్చాడు, నాన్నకు బీపీ బిళ్ళల కోసం.

ఫార్మసీ చదివే పిల్లలు కొందరు "మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసేదే కాదు కదా" అంటారు. అప్పుడు తెలియకపోవచ్చు. తర్వాత ఎవరైనా చెబితే ఆ మనిషి నన్నే కాదు, టీకానూ, డాక్టర్నూ, మొత్తం మందుల్నీ అనుమానిస్తాడు. ఇలా అడిగేది ముస్లింలు మాత్రమే కాదు. శాకాహారులు క్యాప్సూల్ పైతొడుగు దేంతో చేశారని అడుగుతారు. వాళ్ళకూ జెలటిన్ పశువుల నుంచే వస్తుందనే చెబుతాను.

అపోహ: కలోంజీ (నల్ల జీలకర్ర), తేనె తీసుకుంటే కరోనా రాదు, వచ్చినా పోతుంది.

కలోంజీలో చావుకు తప్ప అన్నిటికీ స్వస్థత ఉందన్న హదీసు నాకూ ప్రియమైనదే. మా ఇంట్లో రోజూ వాడతాం. కానీ రక్తంలో ఆక్సిజన్ 88 శాతానికి పడిపోయిన మనిషికి చెంచాడు కలోంజీ పెట్టి ఇంట్లోనే కూర్చోబెట్టమని ఆ హదీసు చెప్పలేదు. షుగర్ బిళ్ళలు వేసుకునేవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు కలోంజీని మందులాగా మోతాదు పెంచి తీసుకుంటే ఆ మందుల ప్రభావం ఎక్కువై ఇబ్బంది రావచ్చు. కూరలో, రొట్టె మీద వేసుకునేదానికి భయం లేదు.

ఇలాంటి ఆశ ఒక్క మతంవాళ్ళకే ఉండదు. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య అనే ఆయన ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది వరసల్లో నిలబడ్డప్పుడు అందులో మావాళ్ళూ ఉన్నారు. మే 31న ఆయన ఇచ్చేవాటిలో కంటి చుక్కల్ని పక్కనపెట్టి మరికొన్నింటికి అనుమతి ఇస్తూ, డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానొద్దని ప్రభుత్వం చెప్పింది. నేను అందరికీ చెప్పిందీ అదే. దువా (ప్రార్థన) చేయండి, దమ్ చేసిన (దువా చదివి ఊదిన) నీళ్ళు తాగండి, చీటీలో ఉన్నది ఆపకండి.

అపోహ: శానిటైజర్ హరాం.

ఒంటికి పూసుకునే స్పిరిట్‌కీ తాగే సారాకీ తేడా ఉందని చాలామంది ఉలమాలు స్పష్టంగా చెప్పారు. శానిటైజర్‌తో నాకున్న భయం వేరు. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో లాక్‌డౌన్‌లో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ సీసాలు కొంటుంటే ఎందుకని అడగడం ఫార్మసిస్టు పని.

అపోహ: ఈ జబ్బు తెచ్చింది మీవాళ్ళే.

2020 ఏప్రిల్‌లో పాత ఖాతాదారు ఒకాయన నా చేత్తో బిళ్ళలు తీసుకోకుండా, మా హిందూ కుర్రాణ్ణి పిలిచి ఇమ్మన్నాడు. చాలా బాధపడ్డాను. వైరస్‌కు టోపీ, బొట్టు తెలియవు, గాలి తగలని గదిలో దగ్గరదగ్గరగా ఎవరు కూర్చున్నా అంటుకుంటుంది. ఆ ఏడాది మా బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర జనమే లేరు. పండుగను వదులుకున్న ఊరు ఇది. ఆ పాత ఖాతాదారుకు ఆ రోజు బిళ్ళల మోతాదు ఎప్పటిలాగే రాసిచ్చాను.

అపోహ: ఉపవాసంలో సూది వేయించుకుంటే రోజా పోతుంది.

2021 రంజాన్ ఏప్రిల్ 14న మొదలైంది, సరిగ్గా రెండో వేవ్ ఎత్తుకుంటున్నప్పుడు. కండకు వేసే టీకాతో రోజా పోదని సౌదీ గ్రాండ్ ముఫ్తీతో సహా చాలామంది పండితులు చెప్పారు. ఇన్‌హేలర్ గురించి మాత్రం పండితుల మధ్య తేడాలున్నాయి, మీ ఇమామ్‌ను అడగండి. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రం ముందు పీల్చండి, తర్వాత అడగండి. జబ్బుపడ్డవాళ్ళు తర్వాత రోజుల్లో లెక్క తీర్చుకోవచ్చని ఖురానే సౌలభ్యం ఇచ్చింది.

షుగర్ ఉన్నవాళ్ళకు నా విన్నపం: రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలలోనే మందుల డబ్బా తీసుకుని డాక్టరు దగ్గరికి పోండి. గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ, ఇన్సులిన్ సెహ్రీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) వేసుకుంటే పగలు షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. వేళలూ మోతాదూ డాక్టరు మార్చి ఇస్తారు. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. అది 70 కంటే తక్కువ చూపిస్తే, మగ్రిబ్‌కు (రోజా విడిచే సూర్యాస్తమయ నమాజు వేళకు) పది నిమిషాలే ఉన్నా సరే, ఆగకండి. నోట్లో ఖర్జూరం వేసుకోండి.

చివరిగా ఒక అపోహ, ఇది నా షాపు గురించే. ఆ రోజుల్లో ఒక సాయంత్రం మగ్రిబ్‌కు షట్టర్ సగం దించి లోపల నమాజు చదువుతున్నాను. బయటికొస్తే మెట్ల మీద ఒక అవ్వ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పిల్లాడికి ఊపిరి అందక పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. "నమాజులో ఉండావు గదా నాయనా, పిలిస్తే పాపమని కూర్చున్యా" అంది. ఒక ప్రాణానికి ముప్పు ఉంటే నమాజు మధ్యలో వదిలేసి పోవచ్చని మా ఫిఖ్ (ధర్మశాస్త్రం) చెబుతుంది. పిల్లాణ్ణి ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను, మర్నాడు షట్టర్ మీద నా ఫోన్ నంబరు రాయించాను. దాని కింద తెలుగులో, ఉర్దూలో ఒకే మాట ఉంది: నమాజులో ఉన్నా తట్టండి.