కేజీ–డీ6 వివాదం: సరిహద్దు దాటిన గ్యాసుకు లెక్క ఎలా కట్టారు?

281 కోట్ల డాలర్లు చెల్లించాలంటూ కేంద్రం 2025 మార్చిలో రిలయన్స్‌కూ దాని భాగస్వాములకూ పంపిన తాఖీదుతో కృష్ణా–గోదావరి తీరపు సముద్రంలో రిలయన్స్ గ్యాసు తీసే కేజీ–డీ6 బ్లాకు వివాదం మళ్లీ రాజుకుంది. బ్లాకు ఎవరికి, ఎలా దక్కిందన్నది పాత కథే. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే చూడవలసింది 2015 నవంబరును. సముద్రగర్భంలో ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ బ్లాకుల నుంచి పక్కనున్న రిలయన్స్ బ్లాకుకు జరిగిన గ్యాసుకు ఒక అంకె ఏర్పడింది అప్పుడే.

కేజీ–డీ6లోని డీ–1, డీ–3 గ్యాసు క్షేత్రాల బావుల వాల్వులు 600 మీటర్లకు పైబడిన లోతున, సముద్రపు అడుగునే బిగించి ఉండేవి. మనిషి వెళ్లలేని ఆ చోటి నుంచి పీడనం, ప్రవాహం వంటి రీడింగులు కేబుళ్ల ద్వారా పైకి చేరేవి. నిక్షేపాన్ని కంప్యూటర్‌లో చిన్నచిన్న గదులుగా విడగొట్టి, వాస్తవంగా తీసినంత గ్యాసునే అందులోనూ తీయించి, నమూనా చూపే పీడనం గేజి రీడింగుతో సరిపోయేదాకా ఇంజినీర్లు సవరిస్తూ పోతారు. దీన్నే హిస్టరీ మ్యాచింగ్ అంటారు. అది కుదిరాక నమూనాలో బ్లాకు హద్దును గీస్తే ఎటు నుంచి ఎంత వచ్చిందో లెక్క తేలుతుంది. ఆ హద్దు సర్కారు పటం మీద గీసినదే తప్ప రాతిలో ఉన్నది కాదు.

ఇబ్బంది ఏమిటంటే ఉత్పత్తి రీడింగులన్నీ ఒక పక్షం చేతిలోనే ఉండేవి. రిలయన్స్ 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టి మరుసటి ఏడాదికే రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటించింది. పక్కనున్న గోదావరి, 98/2 బ్లాకుల్లో ఓఎన్‌జీసీ ఇంకా ఉత్పత్తి దశకు రాలేదు. నిక్షేపాలు కలిసి ఉన్నాయన్న అనుమానంతో అది 2013 జులైలో చమురు, గ్యాసు రంగాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ డీజీహెచ్‌కు లేఖ రాసింది. 2014 మేలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, తన హద్దుకు 50 నుంచి 350 మీటర్ల దూరంలోనే రిలయన్స్ నాలుగు బావులు తవ్విందని ఆరోపించింది. ఉభయులూ ఒప్పుకొన్న అమెరికా సంస్థ డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ రెండు వైపుల సమాచారాన్నీ నమూనాలో పెట్టి, 2015 నవంబరులో 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు హద్దు దాటిందని తేల్చింది.

పరిహారం ఓఎన్‌జీసీకి కాక ప్రభుత్వానికే చెందాలని 2016లో కేంద్రం నియమించిన, విశ్రాంత న్యాయమూర్తి ఎ.పి.షా కమిటీ చెప్పింది. ఆ నవంబరులో కేంద్రం 155 కోట్ల డాలర్లు అడిగింది. తన బ్లాకులో అనుమతితో తవ్విన బావుల్లోకి వచ్చిన గ్యాసును తీయడాన్ని ప్రభుత్వంతో కుదిరిన ఉత్పత్తి ఒప్పందం నిషేధించలేదన్నది రిలయన్స్ వాదన. 2018లో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) ట్రైబ్యునల్ 2–1తో దాన్ని సమర్థించింది. 2023లో హైకోర్టు ఏక సభ్య ధర్మాసనమూ అదే నిలబెట్టింది.

కేంద్రం మాత్రం అంకె కంటే ముందరి ప్రశ్న వేసింది: ఎప్పటి నుంచి తెలుసు? నిక్షేపాల అనుసంధానాన్ని సూచించే నివేదికను ఇదే అమెరికా సంస్థ 2003లోనే రిలయన్స్‌కు ఇచ్చిందనీ, దాన్ని దాచిపెట్టారనీ వాదించింది. గేజి రీడింగులూ, వాటిని చదవగల నిపుణులూ ఉన్న సంస్థ ఏమీ తెలియదంటే నమ్మడం తేలిక కాదు. 2025 ఫిబ్రవరి 14న హైకోర్టు డివిజన్ బెంచ్ ట్రైబ్యునల్ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఆ తీర్పు తర్వాతే 281 కోట్ల డాలర్ల తాఖీదు వెళ్లింది. తీర్పును సవాలు చేస్తామని రిలయన్స్ ప్రకటించింది.